ఇంటర్నెట్ పోయినా వై-ఫై ఉంటుంది: పిల్లల చదువుకు దాన్ని వాడుకోవడం ఎలా?



ఈ నెల రెండు ఇళ్ల సంగతితో మొదలుపెడదాం. ఇలాంటివి మీరూ చూసే ఉంటారు.

మొదటి ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లవాడు సైన్స్ ప్రాజెక్టు పేజీలు ప్రింట్ తీయాలి. రేపే ఆఖరి రోజు. వీధి చివర కేబుల్ తెగి నెట్ పోయింది. "నాన్నా, వై-ఫై పోయింది, ప్రింట్ రావడం లేదు" అన్నాడు. రాత్రి తొమ్మిదింటికి నాన్న బండి తీసి జిరాక్స్ షాపు వెతుక్కుంటూ బయల్దేరారు. ఫైలు ఫోన్‌లోనే ఉంది, ప్రింటర్ గదిలోనే ఉంది, రెండింటికీ మధ్య దారి కూడా బాగానే ఉంది. ఫోనే ఆ దారి వదిలి పక్కకు తప్పుకుంది.

రెండో ఇంట్లో దీనికి తలకిందుల సంగతి. చదువుకునే గంటన్నర సేపు అమ్మ రూటర్‌కు వచ్చే నెట్ ఆపేశారు. ఇక వీడియోలు, ఆటలు ఉండవని నిశ్చింతగా వంటింట్లోకి వెళ్లారు. పాప ట్యాబ్‌లో సిమ్ ఉంది. వై-ఫైలో నెట్ లేదని గమనించిన ట్యాబ్, ఎవరినీ అడగకుండానే మొబైల్ డేటాకు మారిపోయింది. గంట తిరిగేసరికి ఆ రోజు డేటా అయిపోయింది. చదువు మాత్రం అక్కడే ఉంది.

రెండు ఇళ్లలోనూ జరిగింది ఒకటే. వై-ఫై, ఇంటర్నెట్ ఒకటే అని మనం అనుకుంటాం. ఫోన్ కూడా దాదాపు అలాగే ప్రవర్తిస్తుంది. ఆ రెండూ వేరని మనం తెలుసుకుని, ఫోన్‌కు ఒక్కసారి చెప్పగలిగితే, నెట్ లేని రోజున ఇంట్లో పనులు ఆగవు. నెట్ వద్దనుకున్న వేళ చదువు కూడా సజావుగా సాగుతుంది. ఈ నెల పాఠం అదే.

ఇంటి లోపలి దారి, ఇంటి బయటి దారి

ఒక అపార్ట్‌మెంట్‌ను ఊహించుకోండి. లోపల మెట్లు, వరండాలు ఉన్నాయి. గేటు దాటితే రోడ్డు. రోడ్డు తవ్వేసి రాకపోకలు ఆగిపోయినా, రెండో అంతస్తు నుంచి నాలుగో అంతస్తుకు కూర గిన్నె పంపడానికి అడ్డేముంది? మెట్లు అలాగే ఉన్నాయి కదా.

వై-ఫై అంటే ఆ మెట్లు, వరండాలు. ఇంట్లోని ఫోన్, ట్యాబ్, ల్యాప్‌టాప్, ప్రింటర్, టీవీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే లోపలి దారి. ఇంటర్నెట్ అంటే గేటు బయటి రోడ్డు. రూటర్ అనే పెట్టె ఈ రెండు పనులూ చూసుకుంటుంది. లోపలివారికి ఫ్లాట్ నంబర్లు ఇస్తుంది, బయటికి వెళ్లేవారికి గేటు తీస్తుంది. రోడ్డు పోయినంత మాత్రాన ఫ్లాట్ నంబర్లు పోవు.

ఆ నంబర్లను మీరు చూడవచ్చు. ఫోన్ సెట్టింగ్స్‌లో వై-ఫై పేరు మీద నొక్కితే వచ్చే వివరాల్లో "ఐపీ అడ్రస్" అని ఉంటుంది. చాలా ఇళ్లలో అది 192.168 అనే అంకెలతో మొదలవుతుంది. మీ ఇంట్లోనూ, పక్కింట్లోనూ, వేరే రాష్ట్రంలో ఉన్న మీ బంధువుల ఇంట్లోనూ అవే అంకెలు కనబడవచ్చు. ఇళ్లు, ఆఫీసుల లోపల వాడుకోవడానికే ఈ నంబర్లను ప్రత్యేకంగా కేటాయించారు. ఇవి బయటి ఇంటర్నెట్‌లో చెల్లవు, ఇంటి లోపలే చెల్లుతాయి. అందుకే బయట నెట్ ఉన్నా లేకపోయినా రూటర్ వాటిని ఇస్తూనే ఉంటుంది.

పిల్లలకు చెప్పదగిన ఒక చరిత్ర ముక్క. తీగ లేని కంప్యూటర్ నెట్‌వర్క్ ఇప్పటి ఇంటర్నెట్ కంటే ముందే పుట్టింది. హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం 1971లో "అలోహానెట్" అనే నెట్‌వర్క్‌ను నడిపింది. దూరంగా ఉన్న టెర్మినళ్లను రేడియో తరంగాలతో విశ్వవిద్యాలయం కంప్యూటర్‌కు కలిపింది. ఇప్పటి ఇంటర్నెట్ నడిచే నియమాలు అమలులోకి వచ్చింది 1983 జనవరి 1న. మన వై-ఫైకి మూలమైన ప్రమాణం 1997లో వెలువడింది, "వై-ఫై" అన్న పేరు 1999లో వచ్చింది. కంప్యూటర్లు తీగ లేకుండా తమలో తాము మాట్లాడుకోవడం ఒక విద్య, ప్రపంచమంతటితో కలవడం మరో విద్య. రెండూ వేర్వేరుగా పెరిగి, మన ఇంట్లో ఒకే పెట్టెలో చేరాయి.

నెట్ లేదని ఫోన్‌కు ఎలా తెలుస్తుంది?

వై-ఫైకి కనెక్ట్ కాగానే ఫోన్ గుట్టుగా ఒక చిన్న పరీక్ష పెట్టుకుంటుంది.

• ఆండ్రాయిడ్ ఫోన్ గూగుల్ కంప్యూటర్‌ను ఒక ఖాళీ పేజీ అడుగుతుంది. "204" అనే జవాబు రావాలి. ఇవ్వడానికి పేజీలో ఏమీ లేదు, కానీ నీ మాట అందింది అని దాని అర్థం.
• ఐఫోన్ ఆపిల్ వారి పేజీ ఒకటి తెరిచి చూస్తుంది. అందులో "సక్సెస్" అన్న మాట ఉండాలి.
• విండోస్ ల్యాప్‌టాప్ మైక్రోసాఫ్ట్ నుంచి ఒక చిన్న ఫైలు తెచ్చుకుంటుంది. అందులో "మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్" అని రాసి ఉండాలి.

అనుకున్న జవాబు వస్తే నెట్ ఉన్నట్టు. దాని బదులు వేరే పేజీ వస్తే, రైల్వే స్టేషన్‌లోనో విమానాశ్రయంలోనో ఉన్నట్టుగా ముందు లాగిన్ కావాలని అర్థం. అప్పుడు ఫోన్ మీకు లాగిన్ పేజీ చూపిస్తుంది. అసలు జవాబే రాకపోతే "ఇంటర్నెట్ లేదు" అని తేల్చుకుని వై-ఫై గుర్తు పక్కన ఆశ్చర్యార్థకం పెడుతుంది.

ఇక్కడి వరకు అది చేసింది మంచి పనే. చిక్కు తర్వాతి అడుగులో ఉంది. చాలామందికి వై-ఫై కావాల్సింది ఇంటర్నెట్ కోసమే కాబట్టి, నెట్ లేని వై-ఫై ఎందుకూ పనికిరాదని ఫోన్ అనుకుంటుంది. మొబైల్ డేటాకు మారుతుంది, లేదా తనకు గుర్తున్న వేరే వై-ఫైని పట్టుకుంటుంది. కొన్నిసార్లు వై-ఫై గుర్తు పైన కనబడుతూనే ఉంటుంది, పనులు మాత్రం మొబైల్ డేటా మీదుగా పోతుంటాయి. ప్రింటర్ దొరకకపోవడానికీ, ట్యాబ్ డేటా ఖాళీ కావడానికీ కారణం ఇదే.

ఫోన్‌ను వై-ఫై మీదే నిలిపి ఉంచడం

ఫోన్ కంపెనీని బట్టి, సాఫ్ట్‌వేర్‌ను బట్టి మెనూల పేర్లు కొంచెం మారుతుంటాయి. వరుస మాత్రం ఇదే.

1. అన్ని ఫోన్లకూ పనికొచ్చే సులువైన పద్ధతి: ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేయండి. తర్వాత వై-ఫైని మాత్రం మళ్లీ ఆన్ చేయండి. సిమ్ పనిచేయదు కాబట్టి మొబైల్ డేటాకు మారే ప్రశ్నే లేదు. అయితే కాల్స్ కూడా రావు. ఇంట్లో ఇంకో ఫోన్ మామూలుగా పనిచేస్తుండేలా చూసుకోండి.

2. కాల్స్ కావాలనుకుంటే: మొబైల్ డేటా ఒక్కటే ఆపండి. ప్రింట్ తీసుకోవడం వంటి చిన్న పనికి ఇది చాలు.

3. ఆండ్రాయిడ్‌లో: నెట్ లేని వై-ఫైకి కలిసినప్పుడు ఈ నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ లేదని, అయినా కనెక్ట్ అయి ఉండాలా అని ఒక నోటిఫికేషన్ వస్తుంది. మనలో చాలామంది దాన్ని చూడకుండానే పక్కకు తోసేస్తాం. దాన్ని నొక్కండి. "మళ్లీ అడగవద్దు" అన్న గడిలో టిక్ పెట్టి "అవును" అనండి. ఆ ఒక్క వై-ఫై విషయంలో ఫోన్ మీ మాట గుర్తుపెట్టుకుంటుంది.

4. శామ్‌సంగ్ ఫోన్లలో: వై-ఫై అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో "స్విచ్ టు మొబైల్ డేటా" అన్న మీట ఉంటుంది. దాన్ని ఆపండి. మిగతా కంపెనీల ఫోన్లలోనూ ఇలాంటిదే వేరే పేరుతో ఉండవచ్చు. సెట్టింగ్స్‌లోని వెతికే పెట్టెలో "మొబైల్ డేటా" అని కొట్టి చూడండి.

5. ఐఫోన్‌లో: సెట్టింగ్స్‌లో మొబైల్ డేటా పేజీకి వెళ్లి చివరిదాకా జరపండి. "వై-ఫై అసిస్ట్" అని ఉంటుంది. మీరు మార్చకపోతే అది ఆన్‌లోనే ఉంటుంది. వై-ఫై సరిగా లేదనిపిస్తే మొబైల్ డేటాకు మారేది ఇదే. ఆపేయండి.

6. సిమ్ లేని ట్యాబ్‌లో: మొబైల్ డేటా బెడద లేదు. కానీ పక్కింటివారి వై-ఫై, మీ ఫోన్ హాట్‌స్పాట్ దానికి గుర్తుంటే అటు దూకుతుంది. వాటికి "ఆటో కనెక్ట్" తీసేయండి. అక్కర్లేనివాటిని "ఫర్గెట్" చేయండి.

7. విండోస్ ల్యాప్‌టాప్‌లో: "నో ఇంటర్నెట్" అని చూపించినా అది సాధారణంగా ఆ వై-ఫైని వదలదు. మీ వై-ఫై పేరు దగ్గర "కనెక్ట్ ఆటోమేటికల్లీ" టిక్ ఉందో లేదో చూసుకుంటే చాలు.

ఒక హెచ్చరిక. నెట్ లేకపోయినా కనెక్ట్ అయి ఉండమని చెప్పేది మీ ఇంటి వై-ఫైకి మాత్రమే. స్టేషన్‌లోనో హోటల్‌లోనో కనబడే తెలియని వై-ఫైకి ఆ అనుమతి ఇవ్వకండి.

నెట్ లేని వై-ఫైలో ఏం జరుగుతుంది, ఏం జరగదు?

జరిగేవి: ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో ఉన్న ఫైలును వై-ఫై ప్రింటర్‌కు పంపడం. ల్యాప్‌టాప్‌లో దాచిన పాఠం వీడియోను ట్యాబ్‌లోనో టీవీలోనో చూడటం. ఒక కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను మరో కంప్యూటర్‌లో తెరవడం. ముందుగా దాచిపెట్టిన విజ్ఞాన సర్వస్వం చదువుకోవడం.

జరగనివి: వాట్సాప్, యూట్యూబ్, లైవ్ క్లాసులు, గూగుల్‌లో వెతకడం. ఒక్క మాటలో, అవతలి కొస మన ఇంటి బయట ఉన్న ఏ పనీ జరగదు. పక్క గదిలో ఉన్న అక్కకు వాట్సాప్ చేసినా, ఆ సందేశం బయటికి వెళ్లి తిరిగి ఇంట్లోకి రావాలి కాబట్టి అందదు. పిల్లలకు ఈ తేడా అర్థమైతే సగం పాఠం వచ్చినట్టే.

పాత రూటర్‌తో ఇంట్లోనే చదువు వై-ఫై

కనెక్షన్ మార్చినప్పుడు మిగిలిపోయిన పాత రూటర్ చాలా ఇళ్లలో అటక మీదో అలమరలోనో ఉంటుంది. దాన్ని పారేయకండి. ఏ నెట్ కనెక్షనూ లేకుండా కరెంటు ఒక్కటి పెట్టినా అది వై-ఫై ఇస్తుంది.

రూటర్ సిద్ధం చేయడం: వెనక వైపు సూది దూరేంత రంధ్రంలో ఉండే రీసెట్ మీటను సుమారు 10 సెకన్లు నొక్కి ఉంచితే పాత సెట్టింగులు పోతాయి. అడుగున అంటించిన చీటీ మీద దాని వై-ఫై పేరు, పాస్‌వర్డ్ ఉంటాయి. కనెక్ట్ అయ్యాక రెండింటినీ మార్చండి. పేరు "చదువుగది" అని పెట్టవచ్చు. పాస్‌వర్డ్ లేకుండా మాత్రం వదలకండి. నెట్ లేకపోయినా మీ ల్యాప్‌టాప్‌లోని ఫైళ్లు అందులో ఉంటాయి కదా.

ఇప్పుడు నెట్ ఇచ్చే అసలు రూటర్ తీగలు పీకాల్సిన పని లేదు. ముఖ్యంగా ఫైబర్ కనెక్షన్‌కు వచ్చే సన్నటి తీగను పిల్లల చేత తీయించకండి. అది వంగితే, కొన మాసిపోతే మెకానిక్ రావాల్సిందే.

పుస్తకాలు నింపడం: ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌నో పాత డెస్క్‌టాప్‌నో గ్రంథాలయంగా మార్చవచ్చు. దీనికి ఉచితంగా దొరికే రెండు సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి.

• కివిక్స్: వికీపీడియా వంటివాటిని ఒకే ఫైలుగా దించుకుని నెట్ లేకుండా చదివే సాధనం. 2003 డిసెంబర్‌లో మొదలైన మన తెలుగు వికీపీడియా కూడా ఇందులో దొరుకుతుంది. ఇంగ్లిష్ వికీపీడియా మొత్తం బొమ్మలతో సహా కావాలంటే 100 జీబీకి పైగా చోటు కావాలి. తెలుగుది దానికంటే చాలా చిన్నది. మొదట దానితోనే మొదలుపెట్టండి.
• కోలిబ్రి: ఇంటర్నెట్ అందని బడుల కోసం లర్నింగ్ ఈక్వాలిటీ అనే సంస్థ తయారుచేసింది. పాఠాలు, వీడియోలు, అభ్యాసాలు ఒక కంప్యూటర్‌లో నింపితే, అదే వై-ఫైలో ఉన్న మిగతా ట్యాబ్‌లు, ఫోన్లు వాటిని చూడగలవు.

వరుసగా చేయాల్సినవి:

1. నెట్ ఉన్న రోజున ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్, పాఠాలు దించుకోండి.
2. ల్యాప్‌టాప్‌ను, ట్యాబ్‌ను రెండింటినీ "చదువుగది" వై-ఫైకి కలపండి.
3. విండోస్ అడిగితే ఇది "ప్రైవేట్ నెట్‌వర్క్" అని చెప్పండి. "పబ్లిక్" అంటే మిగతా పరికరాలను అది దగ్గరకు రానివ్వకపోవచ్చు.
4. ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ చూసి రాసుకోండి. ఉదాహరణకు 192.168.1.5 అనుకుందాం.
5. ట్యాబ్‌లో బ్రౌజర్ తెరిచి పైన అడ్రస్ పెట్టెలో ఆ అంకెలు, వాటి పక్కన కోలన్ గుర్తు పెట్టి 8080 అని కొట్టండి. అంటే 192.168.1.5:8080. కోలిబ్రి మామూలుగా వాడే తలుపు నంబరు అది. కివిక్స్‌లో అయితే లోకల్ సర్వర్ మొదలుపెట్టగానే ఏ అడ్రస్ కొట్టాలో అదే చూపిస్తుంది.
6. నెట్ లేదు, కనెక్ట్ అయి ఉండాలా అని ట్యాబ్ అడుగుతుంది. ఉండమనండి.

పాఠం తెరుచుకుంటుంది. వెతకడం, చదవడం, అభ్యాసం చేయడం అన్నీ ఉంటాయి. పక్కనే కొత్త వీడియో ఊరించడం, మధ్యలో మెసేజ్ మోగడం ఉండవు.

తుపాను రాత్రి కూడా పనికొచ్చేది

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. నగరంలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి దెబ్బతిన్నాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదతో విజయవాడలో ఎన్నో కాలనీలు నీళ్లలో చిక్కుకున్నాయి. అలాంటి రోజుల్లో చదువు మొదటి అవసరం కాదు, ప్రాణం ముఖ్యం. కానీ వాన తగ్గి, అందరూ క్షేమంగా ఉండి, నెట్ మాత్రం ఇంకా రాని రోజులు కొన్ని ఉంటాయి. పరీక్షలు దగ్గరలో ఉన్న పిల్లలకు అవి దిగులు పుట్టించే రోజులు. ఇంట్లో ముందే దాచుకున్న పాఠాలు అప్పుడు అక్కరకు వస్తాయి. రూటర్‌కు పట్టే కరెంటు చాలా తక్కువ. రూటర్ల కోసమే దొరికే చిన్న యూపీఎస్ దాన్ని కొన్ని గంటలు నడపగలదు. కొనేముందు మీ రూటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు సరిపోతాయో చూసుకోండి.

వాతావరణ హెచ్చరికలు ఉన్నప్పుడు మాత్రం ఏరోప్లేన్ మోడ్ వద్దు. ఇంట్లోని ఫోన్లన్నీ కాల్స్, మెసేజ్‌లు అందుకునేలా ఉంచండి.

పిల్లలతో కలిసి చేసి చూడండి (6 నుంచి 10 తరగతులు)

ఆదివారం ఒక అరగంట చాలు. కావాల్సినవి: నెట్ లేని రూటర్, రెండు పరికరాలు, ఒక కాగితం.

కాగితం మీద నాలుగు పనులు రాయించండి: ప్రింట్ తీయడం, ల్యాప్‌టాప్‌లోని పాఠం ట్యాబ్‌లో తెరవడం, వాట్సాప్ పంపడం, యూట్యూబ్ చూడటం. ఏది జరుగుతుంది, ఏది జరగదు, ఎందుకు అన్నది చేయకముందే ఊహించి రాయమనండి. తర్వాత ఒక్కొక్కటీ చేసి చూడండి. మొదట మొబైల్ డేటా ఆన్‌లో ఉంచి, తర్వాత ఆపి, రెండుసార్లు చేయండి.

మొదటిసారి యూట్యూబ్ నడిచి, రెండోసారి నడవకపోతే పిల్లలను అడగండి: "మొదటిసారి ఆ వీడియో ఏ దారిన వచ్చింది?" జవాబు వాళ్ల నోటితోనే రానివ్వండి. వై-ఫై గుర్తు కనబడినంత మాత్రాన పని వై-ఫై మీదే జరగదని అప్పుడు వాళ్లే కనిపెడతారు.

మీరు అడగగల ప్రశ్నలు

ప్రశ్న: ఫోన్, ప్రింటర్ రెండూ వై-ఫైలోనే ఉన్నాయి. అయినా ఒకదానికి ఒకటి కనబడటం లేదు. ఎందుకు?
జవాబు: రెండూ ఒకే వై-ఫై పేరు మీద ఉన్నాయో లేదో చూడండి. ఒకటి "గెస్ట్" వై-ఫైలో ఉంటే కనబడకపోవచ్చు. అతిథుల ఫోన్లు ఇంట్లోని పరికరాలను చూడకుండా ఉండటానికే గెస్ట్ వై-ఫై పెట్టారు.

ప్రశ్న: ఐపీ అడ్రస్ 169.254తో మొదలవుతోంది. అదేమిటి?
జవాబు: రూటర్ దగ్గర నంబరు దొరకక, ఆ పరికరం తనకు తానే ఒకటి పెట్టుకుంది. ఇది ఇంటర్నెట్ సమస్య కాదు, లోపలి దారిలోనే చిక్కు. వై-ఫై ఆపి మళ్లీ పెట్టండి. అప్పటికీ రాకపోతే రూటర్ ఆపి నిమిషం తర్వాత పెట్టండి.

ప్రశ్న: పాత రూటర్ లేదు. ఫోన్ హాట్‌స్పాట్ సరిపోతుందా?
జవాబు: చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో మొబైల్ డేటా ఆపి కూడా హాట్‌స్పాట్ పెట్టవచ్చు. రెండు మూడు పరికరాలకు అది చాలు. మొబైల్ డేటా నిజంగా ఆపారో లేదో ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: ట్యాబ్‌ను ఎప్పుడూ నెట్ లేకుండానే ఉంచవచ్చా?
జవాబు: వద్దు. భద్రతకు సంబంధించిన అప్‌డేట్లు నెట్ ద్వారానే వస్తాయి. వారానికి ఒకసారి నెట్‌కు కలిపి అప్‌డేట్ చేయండి. అదే రోజున వచ్చే వారం పాఠాలు దించుకోండి.

చివరగా ఒక ముఖ్యమైన మాట

ఇది పిల్లలకు తెలియకుండా చేసే ఏర్పాటు కాకూడదు. నెట్ చాటుగా ఆపేస్తే, వాళ్లు చాటుగా తెచ్చుకునే దారి వెతుకుతారు. ఆ దారులు వాళ్లకు మనకంటే బాగా తెలుసు. కూర్చోబెట్టి చెప్పండి: "ఏడు నుంచి ఎనిమిదిన్నర వరకు చదువుగది వై-ఫై. తర్వాత నెట్ ఉంటుంది." ఏ పాఠాలు దించాలో వాళ్లనే ఎంచుకోనివ్వండి. సెట్టింగులు వాళ్ల చేతే మార్పించండి. వీలైతే ఆ గంటన్నర మీ ఫోన్ కూడా అదే వై-ఫైలో ఉండనివ్వండి. పిల్లలు మన మాట కంటే మన చేతలను ముందు చూస్తారు.

ఫ్రిజ్ మీద అంటించుకోండి

• వై-ఫై ఇంటి లోపలి దారి. ఇంటర్నెట్ బయటి దారి.
• నెట్ పోతే ముందు అడగాల్సింది: ఈ పనికి బయటి దారి అవసరమా?
• అవసరం లేకపోతే మొబైల్ డేటా ఆపి వై-ఫైలోనే ఉండండి.
• "కనెక్ట్ అయి ఉండాలా?" అని అడిగితే ఇంటి వై-ఫైకి అవును, తెలియనిదానికి వద్దు.
• వారానికి ఒకసారి అప్‌డేట్లు, కొత్త పాఠాలు.
• పని అయ్యాక మొబైల్ డేటా మళ్లీ ఆన్ చేయడం మరవకండి.